విప్పి చూసి నేర్చుకున్న మనిషి – జి.డి. నాయుడు గారు

మన చేజర్ల హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం మనకు అలవాటు. అంబేద్కర్ గారిని, ఫూలే దంపతులను, జాషువా గారిని ఎన్నిసార్లు రాసుకున్నా మనకు తనివి తీరదు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించినప్పుడు మాత్రం మేము ఒక మెకానిక్ జీవితం రాస్తామన్నాం. కమిటీలోని అన్నలు కొంచెం ఆశ్చర్యపోయారు. ఎందుకో చెబితే సరేనన్నారు. కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత నాయుడు గారి దగ్గరకు వస్తాం.

పోయిన వేసవిలో మా నాన్న కౌలుకు చేసిన ఎకరన్నర శనక్కాయ సరిగ్గా ఊడలు దిగే సమయంలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఆ దశలో నీటి తడి తప్పితే కాయ ఊరదని మన మెట్ట ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. తెలిసినవాళ్ల కొట్టంలో మూలనపడి ఉన్న 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజనును అడిగి తెచ్చుకుని వాగు పక్క బావి మీద పెట్టుకున్నాం. హ్యాండిల్ కొడితే ఇంజను లేచింది. నీళ్లు పడ్డాయి. కయ్యలో రెండు సాళ్లు తడిశాయో లేదో, ఇంజను మూలిగి మూలిగి ఆగిపోయింది. మళ్లీ కొట్టాం. పది నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. అక్కడున్న మా ముగ్గురిలో ఇద్దరం డిగ్రీలు చేసినవాళ్లం, ఒకరం ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఉష్ణగతిక శాస్త్రంలో కార్నో చక్రం బొమ్మ కళ్లు మూసుకుని గీయగలం. ఆ ఇంజను ముందు మాత్రం సాయంత్రం దాకా చెమటలు కక్కుతూ కూర్చున్నాం.

ఆ రోజు రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే ఎప్పుడో హాస్టల్ లైబ్రరీలో చదివిన జి.డి. నాయుడు గారు గుర్తుకొచ్చారు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఊరు తమిళనాడులోది గానీ ఇంటి భాష తెలుగే. విజయనగర రాజుల కాలంలోనూ ఆ తర్వాతా ఎన్నో తెలుగు రైతు కుటుంబాలు దక్షిణానికి వలసపోయి అక్కడి నల్లరేగడి నేలల్లో సేద్యం పెట్టుకున్నాయి. ఆయనదీ అలాంటి కుటుంబమే. మన ఉదయగిరి కొండ మీద కోట గోడలు చూస్తూ పెరిగిన మనకు ఆ రాజుల పేరు కొత్తది కాదు. ఆ కాలంలో కదిలిన జనం ఎంత దూరం పోయి నిలదొక్కుకున్నారో కోయంబత్తూరు పోతే తెలుస్తుంది. అక్కడి పాతకాలపు మిల్లుల యజమానుల్లో, ఇంజన్ల కార్ఖానాల యజమానుల్లో సగం పేర్లు మన పేర్లలాగే వినిపిస్తాయి.

నాయుడు గారికి బడి పడలేదు. పంతులు కళ్లలో ఇసుక చల్లి పారిపోయాడనీ, మూడో తరగతితో చదువు ఆగిందనీ ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. తండ్రికి పొలం ఉంది. కొడుకును చేను కాపలాకు పంపాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీని గురించి చివర్లో మళ్లీ మాట్లాడుకోవాలి.

ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిల్. ఊరి వైపు వచ్చిన ఒక తెల్ల రెవెన్యూ అధికారి దాని మీద వచ్చాడు. అది ఇంగ్లండులోని కోవెంట్రీ పట్నంలో తయారైన రడ్జ్ బండి. ఆ కంపెనీ అప్పటిదాకా సైకిళ్లు చేసి, 1911 నుంచి మోటారు సైకిళ్లు అమ్మడం మొదలుపెట్టింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, తొక్కే పని లేదు, బండి దానంతట అదే పోతోంది. చూసినవాళ్లందరూ నోరు తెరిచారు. నాయుడు గారు మాత్రం అది ఎలా పోతోందో తెలుసుకోవాలనుకున్నారు. అలాంటి బండి తనకూ కావాలనుకున్నారు. ఇల్లు వదిలి కోయంబత్తూరు పోయి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. ఎంగిలాకులు తీసి, బల్లలు తుడిచి, మూడేళ్ల పాటు పైసా పైసా కూడబెట్టి 300 రూపాయలతో ఆ అధికారి దగ్గరే ఆ బండిని కొన్నారని ప్రసిద్ధి.

కొన్నవాడు దాని మీద ఊరేగాలి కదా! ఆయన దాన్ని ఊడదీశారు. ఏ ముక్కకు ఆ ముక్క విప్పి పరిచి, ఏది దేన్ని తిప్పుతోందో చూసి, మళ్లీ బిగించారు. నేర్పించే గురువు లేడు, చదువుకోవడానికి పుస్తకం లేదు, ఉన్నా చదవగలిగే చదువు లేదు. ఆ విప్పడంతోనే ఆయన మెకానిక్ అయ్యారు.

ఆ రోజుల్లో మోటారు సైకిల్ ఇంజను అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఒకే సిలిండరు, అందులో పైకీ కిందికీ ఆడే ఒక పిస్టను. జర్మనీలో నికోలస్ ఆటో 1876లో నడిపి చూపిన నాలుగు దశల పద్ధతి. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీలుస్తుంది, పైకెక్కుతూ నొక్కుతుంది, అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ పడి మంట అంటుకుని పిస్టనును కిందికి తోస్తుంది, మళ్లీ పైకెక్కుతూ పొగను బయటకు తోసేస్తుంది. నిప్పురవ్వ కోసం బ్యాటరీ కూడా అక్కర్లేదు, ఇంజనుతో పాటే తిరిగే మాగ్నెటో ఉంటుంది. ట్యాంకులోని పెట్రోలు సన్నటి గొట్టంలో దిగి కార్బురేటరు గిన్నెలో పడి, వెంట్రుకంత రంధ్రంలోంచి తుంపరగా లేస్తుంది. ఇంతే సంగతి. ఇంధనం, గాలి, నిప్పు, వీటిని ఇరికించి నొక్కే బిగువు.

అసలు లేవని ఇంజను వేరు, లేచి ఆగిపోయే ఇంజను వేరు. లేవకపోతే వీటిలో ఏదో ఒకటి అసలే లేదని అర్థం. లేచి ఆగిందంటే అన్నీ ఉన్నాయి, కానీ వాటిలో ఏదో ఒకటి నిలకడగా అందడం లేదు. ఎలా ఆగిందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. పెట్రోలు ఇంజను కత్తితో కోసినట్టు టక్కున ఆగితే ముందు నిప్పును అనుమానించాలి. మాగ్నెటో చుట్ట వేడెక్కాక రవ్వ చచ్చిపోతుంది, చల్లారాక మళ్లీ బాగానే ఉంటుంది. తడబడి, ఊపిరందనట్టు ఎగిసెగిసి ఆగితే ఇంధనం చాలడం లేదు. గిన్నెలో నలక, గొట్టంలో నీటిబొట్టు, రంధ్రంలో జిడ్డు చూసుకోవాలి. నల్లపొగ కక్కి కుంగిపోతే గాలి చాలడం లేదు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పనే లేదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఆలోచన అదే. ఆయన ఇంజను 1893లో మొదటి పరీక్షలో దానంతట అది నడవనే లేదు, 1894లో ఒక్క నిమిషం నడిచింది, సరైన ఇంజను 1897కు గానీ తయారు కాలేదు. ఆగిపోయే ఇంజనుతో నాలుగేళ్లు కుస్తీ పట్టాడన్నమాట! ఇంకో ముచ్చట. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును శనక్కాయ నూనెతో నడిపి చూపారు. మన కయ్యలో పండే కాయతోనే ఇంజను నడుస్తుందని మేము ఎమ్మెస్సీకి వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

నాయుడు గారి కథలోకి వస్తాం. మెకానిక్ పని చేతికొచ్చాక ఆయన నేరుగా బస్సుల్లోకి రాలేదు. మధ్యలో పత్తి వ్యాపారం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బాగా సంపాదించి, బొంబాయి పత్తి బజారులో ఆ సంపాదనంతా పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నాక కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో ఒక బస్సు తీసుకుని 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తిప్పారు. ఆ బస్సుకు ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే, దారిలో చెడిపోతే పడుకుని విప్పేదీ ఆయనే.

అప్పటి రోడ్లు ఊహించుకోండి. పళని వైపు అంతా కంకర, దుమ్ము. దుమ్ము కార్బురేటరులోకి పోతుంది, ఎండకు రేడియేటరు మరుగుతుంది, నడి దారిలో యాత్రికులను దించేసి ఇంజను ఆగిపోతుంది. అడవిలో ఆగిన బస్సు దగ్గర రేపు చూద్దాం అనే మాటకు చోటు లేదు. ఒక్క బస్సు పదులయ్యింది. యూనివర్సల్ మోటార్ సర్వీస్, పొట్టిగా యు.ఎం.ఎస్. అనే ఆ సంస్థకు 1930లు వచ్చేసరికి 280 బస్సుల దాకా ఉండేవంటారు. బస్సులు గడియారం ప్రకారం కదలాలన్నది ఆయన పట్టుదల. గడియారం ప్రకారం కదలాలంటే ఇంజను ఆగాక బాగుచేయడం కాదు, ఆగకముందే జబ్బు పట్టుకోవాలి. అందుకని సొంత వర్క్‌షాపు పెట్టారు. ఇంజను అదురును పరీక్షించే సాధనం, టికెట్లు ఇచ్చే యంత్రం లాంటివి అక్కడ తయారయ్యాయని చెబుతారు. మాకు ఈ భాగమే ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్పదిగా తోస్తుంది. రేజరు, కెమెరా, చిన్న కారు అని పత్రికలు ఆయన వింత వస్తువుల జాబితా రాస్తుంటాయి. ఆ వస్తువులకన్నా ఈ ఊర్ల మధ్య ఆగకుండా తిరిగిన బస్సే పెద్ద వస్తువు.

ఇక మా ఇంజను సంగతి. మొదటి రోజు మేము చేసినవి ఇవీ. ఫిల్టరు మార్చాం. గొట్టంలో గాలి పట్టిందేమోనని స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ఆగి బిగించాం. నాజిల్ విప్పి తుడిచాం. ఒక్కోటి చేశాక ఇంజను కొడితే లేచి పది నిమిషాలు నడిచేది. అబ్బ, దొరికిందిరా రోగం అనుకునేవాళ్లం. మళ్లీ ఆగేది. ఫిల్టరు వల్ల కాదు నాజిల్ వల్ల అనుకుని దాన్ని పట్టుకునేవాళ్లం. ఇలా సాయంత్రానికి ఇంజనులో మేము బాగుచేయని ముక్క లేదు, ఇంజను బాగైందీ లేదు.

మరునాడు పొద్దున్నే మా హాస్టల్ మిత్రుణ్ని పిలిపించాం. పేరు ఇక్కడ రాయొద్దన్నాడు, రాయం. మాతో పాటే ఆరో తరగతిలో ఇదే హాస్టల్లో చేరాడు, మా పక్క ట్రంకు పెట్టె వాడిదే. తొమ్మిదో తరగతిలో వదిలేసి మెకానిక్ షెడ్డుకు పోయాడు. వచ్చి ఇంజను కొట్టించాడు. ఏదీ విప్పలేదు. గట్టు మీద కూర్చుని బీడీ కూడా కాల్చకుండా ఇంజను వైపే చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలకు అది మూలిగి ఆగింది. లేచి ట్యాంకు దగ్గరకు పోయి మమ్మల్ని రమ్మని వేలితో చూపించాడు.

ట్యాంకుకు మూత లేదు. ఎప్పుడో పోయింది. దుమ్ము పడకుండా ఎవరో పాలిథిన్ కవరు కప్పి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. ఇంజను లేచేముందు సాపుగా ఉన్న ఆ కవరు, ఆగేసరికి నోట్లోకి పీల్చిన బుగ్గలా లోపలికి గుంట పడింది. డీజిల్ కిందికి దిగేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. గాలి రాక పైన శూన్యం ఏర్పడి డీజిల్ దిగడం లేదు. మేము ఒక్కో మరమ్మతు అయ్యాక డీజిల్ ఎంత ఉందో చూడ్డానికి కవరు విప్పేవాళ్లం, గాలి పోయేది, అందుకే ఇంజను పది నిమిషాలు నడిచేది. కవరు చేసిన పనిని మేము ఫిల్టరు ఖాతాలో, నాజిల్ ఖాతాలో వేసుకున్నాం. టారిసెల్లీ ప్రయోగం రెండుసార్లు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం! వాడు కవరుకు సైకిల్ పుల్లతో ఒక చిల్లు పొడిచి హ్యాండిల్ కొట్టమన్నాడు. ఆ రోజు డీజిల్ అయిపోయేదాకా ఇంజను ఆగలేదు.

నాయుడు గారు మోటారు సైకిల్‌ను విప్పడం గొప్ప అనుకుంటాం. విప్పడం మేమూ చేశాం. ఏ ముక్క ఏ పని చేస్తోందో తెలుసుకుంటూ విప్పడం వేరు, చేతికి దొరికింది విప్పడం వేరని ఆ కవరు చూశాకే మాకు తెలిసింది.

1930లలో కోయంబత్తూరు వైపు పైకారా జలవిద్యుత్తు వచ్చింది. దాన్ని మిల్లులూ బావులూ అందుకున్నాయి. అయితే మోటార్లన్నీ విదేశాలవే. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి జి.డి. నాయుడు గారు కరెంటు మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెబుతారు. ఆ తర్వాత కోయంబత్తూరు పంపుసెట్లకు ఎంత పేరు తెచ్చుకుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. మన మండలంలో బోరులోకి దించిన మోటారు ఏ ఊరిదని అడగండి, ఎక్కువమంది కోయంబత్తూరే చెబుతారు.

విదేశాలు తిరిగారు. 1936లో లండనులో ఐదో జార్జి రాజు అంత్యక్రియలను తన కెమెరాతో సినిమా తీశారు. బ్యాటరీతో నడిచే రసంత్ అనే గడ్డం గీసుకునే రేజరు చేశారు. అదే ఏడాది ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. పొలంలో మనిషిని మించిన పత్తి చెట్లు పెంచారు. వీటి గురించి ఇంతకన్నా రాయం. ఎవరి పుస్తకంలో చూసినా దొరుకుతాయి.

మేము ఎక్కువ చెప్పాలనుకున్నది 1945 సంగతి. ఆ ఏడాది అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, తర్వాత ఒక ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి నాయుడు గారే కారణం. ప్రిన్సిపాలు కూడా ఆయనే. మూడో తరగతి మనిషి ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాలు! అక్కడ ఆయనకూ ప్రభుత్వానికీ పేచీ వచ్చింది. ఇంజనీరును తయారుచేయడానికి నాలుగేళ్లు ఎందుకు, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలు, మిగతా కాలం వృథా అన్నది ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటకు వచ్చారు. ఆ కాలేజీయే తర్వాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

ఈ పేచీలో ఎవరు ఒప్పు అని మాలో మేము చాలా రాత్రులు వాదించుకున్నాం. ఒకరం నాయుడు గారి పక్షం. రెండేళ్లలో పని వచ్చేస్తే మిగతా రెండేళ్లు మన నాన్నలు మోసే అప్పు మిగిలినట్టే కదా అని. ఇంకొకరం ప్రభుత్వం పక్షం. చేతి పనికి రెండేళ్లు చాలు గానీ, పాలిథిన్ కవరు ఎందుకు గుంట పడిందో లెక్క కట్టి చెప్పాలంటే, ఆ లెక్కతో కొత్త ఇంజను గీయాలంటే చాలవని. ఇప్పటికీ తేలలేదు. కానీ ఒక సంగతిలో మాకు తేడా లేదు.

మన హాస్టళ్లలో ఇలాంటి మహనీయుల కథలు చెప్పేటప్పుడు మనం ఒక పొరపాటు చేస్తున్నాం. చదువుకోకుండానే పైకొచ్చాడు చూడండి అంటాం. మా మిత్రుడు తొమ్మిదిలో పెట్టె సర్దుకుంటున్నప్పుడు మేము ఆపబోతే అచ్చంగా ఇలాంటి పెద్దవాళ్ల పేర్లే చెప్పాడు. మేము పదిహేనేళ్లవాళ్లం, మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. నాయుడు గారు బడి మానేస్తే వెనక్కి పోవడానికి తండ్రి పొలం ఉంది. హోటల్లో సంపాదించిన జీతాన్ని మూడేళ్ల పాటు ఇంటికి పంపకుండా దాచుకోగల వెసులుబాటు ఉంది. పత్తిలో అంతా పోయాక కూడా ఒక దొర నమ్మి బస్సు అప్పగించే పలుకుబడి ఉంది. మా మిత్రుడికి మొదటి జీతం వచ్చిన రోజే వాళ్లమ్మ మందుల చీటీ చేతిలో పెట్టింది. ఈ ఎనిమిది తొమ్మిదేళ్లలో వాడు విప్పని ఇంజను లేదు. ట్రాక్టరు, పవర్ స్ప్రేయరు, జనరేటరు, వరికోత మిషను అన్నీ వాడి చేతి కింద నడిచాయి. సొంత షెడ్డు పెట్టుకుందామని లోను కోసం పోతే చదువు ఏమిటని అడిగారు. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడు చేరదామంటే పదో తరగతి సర్టిఫికెట్ అడిగారు. ప్రిన్సిపాలు కుర్చీ అయితే నాయుడు గారిని సర్టిఫికెట్ అడగలేదు. మన వాణ్ని లోను కాగితం అడిగింది.

అందుకే తమ్ముళ్లూ, మన పెద్దాయన అంబేద్కర్ డిగ్రీల మీద డిగ్రీలు చేసింది సరదాకు కాదు. కాగితం లేకుండా మాట్లాడితే వినే లోకం కాదని ఆయనకు తెలుసు. కాగితం ఉండి ఇంజను ముందు నోరెళ్లబెట్టిన మాలాంటివాళ్ల సిగ్గు మాది. ఈ రెండూ నిజమే. నాయుడు గారి మీద మాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. రెండేళ్లలో పని నేర్పి చేతిలో పట్టా పెట్టే బడి కావాలని 1945లోనే అడిగిన మనిషి ఆయన. ఆ బడి ఉండుంటే మా మిత్రుడు పెట్టె సర్దుకునేవాడు కాదేమో.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయనకు ప్రభుత్వాలతో పొత్తు కుదరలేదు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు చేసి రెండు వేల రూపాయలకే అమ్ముతానన్నారు. తయారీకి అనుమతి రాలేదు. పన్నుల మీద కోపంతో తాను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టించారని చెబుతారు. ఆ సంగతి చదివినప్పుడు మాకు బాధ వేసింది. విప్పి, తుడిచి, మళ్లీ బిగించే చేతులు అవి. పగలగొట్టే పని వాటికి నప్పలేదు. చివరి రోజుల్లో కోయంబత్తూరులో పరిశ్రమల ప్రదర్శనశాల పెట్టారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. దాని కింద నుంచి పోయే బస్సుల్లో ఒకటైనా ఈ పేరు ఎవరిదో తెలిసినవాళ్లతో పోతుందనుకుంటాం.

మా శనక్కాయ తడి ఆలస్యమైనా పూర్తిగా పోలేదు. ఎకరన్నరకు రావలసినంత రాలేదు గానీ కౌలు కట్టగలిగాం. మా మిత్రుడు ఆ ట్యాంకుకు రేకుతో మూత చేసిచ్చాడు, నడుమ మేకుతో చిల్లు, దుమ్ము పడకుండా చిల్లు మీద పలచటి గుడ్డ. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టే కాగితాలు నింపిపెట్టమన్నాడు. నింపాం. సైన్సు, సోషలు వాడే చదువుకుంటున్నాడు, లెక్కలూ ఇంగ్లీషూ మా వంతు. ఆదివారాలు షెడ్డులో కూర్చుంటాం. గంట సేపు మేము వాడికి బీజగణితం చెబుతాం, తర్వాత గంట సేపు వాడు మాచేత కార్బురేటరు విప్పిస్తాడు. పోయిన ఆదివారం బిగించాక ఒక చిన్న వాషరు మిగిలిపోయింది. మళ్లీ మొదటి నుంచీ విప్పించాడు.